మూడవ పిలుపు

కృష్ణగిరిలో రాయకోట రోడ్డు మలుపున ఉన్న ఆసుపత్రికి ఎదురుగా మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉన్నది. ఆషాఢమాసంలో తొక్కలూ టెంకలూ దాని గోడవారన కుప్పపడి, చినుకులకు నాని, తీపీ పులుపూ కలిసిన మగ్గిన వాసన పగలంతా వార్డులలో నిలిచి ఉండేది. మునిమాపు వేళకు గాలి మళ్ళేది. ఆ వాసన తొలగిపోయి, ఫినాయిలూ తడిసిన సున్నమూ మిగిలేవి. నర్సు నాగరత్నం జ్వరాల వార్డు చివర మారెమ్మ పటం ముందు నూనెదీపం వెలిగించి, చేతులు తుడుచుకొని, మందుల బండి త్రోసుకొంటూ బయలుదేరేది. మొదటి రెండు దినాలు ఆ దీపపు వేళ నాకు ఎంతో నెమ్మదిగా తోచింది.

ఆ ఆసుపత్రితో నాకు రెండు సంబంధాలు. నా ఎనిమిదేండ్ల కూతురు మోనిషా డెంగీ జ్వరంతో ఆ వార్డులో పడుకొని ఉన్నది. అక్కడి కంప్యూటర్లలో నడిచే డేటాబేసు క్లయింటును వ్రాసినవాడిని కూడ నేనే.

మా నాయన హోసూరులో తెలుగు పండితుడు. ప్రతిపదార్థం తప్పు లేక చెప్పనిదే నన్ను అన్నానికి కూర్చోనిచ్చేవాడు కాడు. ఆ చదువు నాకు జీవనాధారం కాలేదు గాని, ఒక మాట మరొక మాటకు ఎట్లు కట్టుబడి ఉంటుందో చూచే అలవాటు నిచ్చింది. ఆ అలవాటుతోనే ప్రోగ్రాములు వ్రాయడం నేర్చినాను. హోసూరులో ఐదుగురం కలిసి నడుపుతున్న మా చిన్న కంపెనీ క్లయింటు ఇటు తళి మొదలు అటు కల్లావి దాకా పందొమ్మిది ఆసుపత్రులలో ఉన్నది. సర్వరు హోసూరులో ఉంటుంది. సమస్తమైన వివరాలూ దాని వద్ద ఉంటాయి. క్లయింటు దూతవంటిది. ఇక్కడివారు కోరినదాన్ని సర్వరు నడిగి తెచ్చి చూపుతుంది.

అయితే ఒక్కొక్కప్పుడు సర్వరే ఎదురు అడుగుతుంది. ఇక్కడి కంప్యూటరులోనే ఉండే ఫలానా రోగి రక్తపరీక్ష ఫైలు పంపుమంటుంది. క్లయింటు పంపుతుంది. అడిగినది సర్వరేనా అని అది చూడదు. చూడవలెనని నాకు ఏనాడూ తోచలేదు.

మోనిషాను చేర్చిన మూడవ దినం మధ్యాహ్నం హోసూరు నుండి మంజునాథ్ ఫోను చేసినాడు. నాకంటే పదేండ్లు చిన్నవాడు, నాతో సమంగా పని చేసేవాడు.

"అన్నా, కూర్చోనుండావా, నిలబడుండావా?"

"చెప్పు."

"మన క్లయింటులో బొక్క ఉండాది. ఎవడు మధ్యలో దూరి ఫైలు అడిగినా మనోడు తీసిచ్చేస్తాండాడు. నువ్వెవరప్పా అని ఒక్క మాట అడగడు. ధర్మసత్రమన్నా ఇది. పద్యాలు చదివినోడు రాసిన కోడు గదా, మర్యాద జాస్తి."

"సరిచేయడానికి ఎన్నాళ్ళు?"

"సర్వరు తన ముద్ర చూపిస్తేనే పలికేట్టు మార్చాల. ముద్ర చేయించి, పరీక్షించి తెచ్చేదానికి మూడు దినాలు పడతాది. అంతవరకు ఎవరెవరు ఏమడిగినారో లాగ్‌లో చూస్తా ఉండు. పాప ఎట్లుండాది?"

"ప్లేట్లెట్లు పడిపోతున్నవి."

"చూసుకోన్నా," అని పెట్టేసినాడు.

ల్యాబు మెట్ల క్రింద ఉన్నది. కిటికీ లేని గది. పగలు కూడ ట్యూబులైటు వెలుగుతూ ఉండవలసిందే. ల్యాబు పిల్ల టీకి పోయి ఉన్నది. నేను క్లయింటు నడిచే కంప్యూటరు ముందు కూర్చుండి లాగ్ తెరిచినాను. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు అడిగినారో వరుసగా వ్రాసిపెట్టే పట్టిక అది. వేల వరుసలు. అన్నిటికీ 'అడిగినవారు' అన్నచోట మా సర్వరు సంఖ్య ఉన్నది.

మూడింటికి లేదు.

ఆ మూడు వరుసలలో ఆ గడి ఖాళీ. మా కోడు ప్రకారం అది ఖాళీగా ఉండే వీలు లేదు. మూడూ మూడు దినాలవి. మూడింటికీ సమయం ఒకటే, సాయంకాలం ఆరు గంటల నలభైరెండు నిమిషాలు. అడిగిన ఫైళ్ళు తిమ్మరాజు, వెంకటలక్ష్మమ్మ, ధనశేఖర్ అనే ముగ్గురు రోగులవి. మూడింటి చివరా మా క్లయింటు విధేయంగా 'పంపబడినది' అని వ్రాసుకొన్నది.

నాగరత్నం రక్తపు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టి, నా భుజం మీదుగా తొంగి చూచింది. ఆమెది కల్లావి. ముప్పయ్యేండ్లుగా నర్సు. ఎవరినైనా అప్పా అనే పిలుస్తుంది, డాక్టరును తప్ప.

"ఆ ముగ్గురి పేర్లు ఎందుకప్పా చూస్తాండావు?"

"వీరు ఏ మంచాల వారు?"

"ఇప్పుడు ఏ మంచమూ లేదు." ఆమె సీసాల మీది చీటీలు సర్దుతూ అన్నది. "మొదట తిమ్మరాజు పోయె. మరుసనాడు వెంకటలక్ష్మమ్మ. ఈపొద్దు తెల్లారిజామున ధనశేఖరు. జ్వరం దిగినోళ్ళే. ఎందుకు పోయినారని డాక్టరుకే తెలీదు."

యాదృచ్ఛికమని నాకు నేను చెప్పుకొన్నాను. ఎవడో దొంగ ఫైళ్ళు తీస్తున్నాడు, రోగులు రోగంతో పోయినారు, అంతే. ఆ సాయంకాలం ఆరున్నరకు మరల ల్యాబులోకి పోయినాను. ఆరూ నలభై అయింది. నెట్వర్కు తీగను కంప్యూటరు వెనుకనుండి ఊడదీసి చేతిలో పట్టుకొన్నాను. ఇక బయటినుండి ఎవ్వరూ దానితో మాటాడలేరు.

ఆరూ నలభైరెండు.

తెర మీద ఒక వరుస కదిలి పైకి పోయింది. క్రింద క్రొత్త వరుస వచ్చి నిలిచింది. అడిగినవారు... ఖాళీ. ఫైలు... హనుమంతయ్య. పంపబడినది.

తీగ నా చేతిలోనే ఉన్నది. దాని కొన ఊగుతూ ఉన్నది.

అప్పుడు ఒక వాసన వచ్చింది. ఫినాయిలు కాదు, మామిడి కాదు. దీపాన్ని నోటితో ఊది ఆర్పితే వత్తి నుండి లేచే వాసన. ఆ కిటికీ లేని గదిలో.

తెల్లవారి నేను వార్డులోకి పోయేసరికి హనుమంతయ్య మంచం మీద దుప్పటి లేదు. అలివేలు, నా భార్య, మోనిషా తల నిమురుతూ కూర్చున్నది. "రాత్రంతా బాగనే ఉన్నాడు," అన్నది. "నాతో మాటాడినాడు. తమ ఊళ్ళో చామంతి కోత మొదలైందంట. ఈపొద్దు ఇంటికి పోతానన్నాడు."

నేను ల్యాబులోకి పరుగెత్తినాను. ఆ నలుగురూ ఆసుపత్రిలో చేరిన తేదీలు చూచినాను. చేరిన వరుసలోనే పోయినారు. హనుమంతయ్య తరువాత చేరిన రోగి పేరు మోనిషా, తండ్రి గురుమూర్తి, హోసూరు.

ఆ పగటిని వర్ణించడానికి నేను నేర్చిన మాటలేవీ చాలవు. డాక్టరు కాళ్ళు పట్టుకొన్నంత పని చేసినాను. బెంగుళూరుకు తీసుకొనిపోతానన్నాను. ప్లేట్లెట్లు పదకొండు వేలు, దారిలో రక్తం కారితే ఆపలేము, ముందు ప్లేట్లెట్ల సంచి ఒకటి ఎక్కనీ, అన్నాడాయన. ఆ సంచి హోసూరు రక్తనిధి నుండి రావలె. రక్తనిధివారు మోనిషా పరీక్ష ఫైలు చూచి, సరిపోల్చి, సంఖ్య ఇచ్చి పంపుతారు. ఆ ఫైలును సర్వరు మా క్లయింటు నడిగి తీసుకొంటుంది. అదొక్కటే మార్గం. అంటే నా బిడ్డ ఫైలును ఈ సాయంకాలం ఇద్దరడుగుతారు. ఒకరికి ఇవ్వకపోతే బిడ్డ బ్రతకదు. ఒకరికి ఇస్తే బ్రతకదు. ఫైలు తీసివేస్తే సంచి రాదు. క్లయింటు నోరు మొత్తంగా మూసినా రాదు. తీగ పీకిన ఫలమేమిటో నిన్ననే చూచినాను. ముద్ర రావడానికి ఇంకా రెండు దినాలు.

అడిగేవారిని అడిగిన తీరును బట్టి వేరుచేయవలె. నాలుగు గంటలకు కూడ నాకు దారి తోచలేదు. తలను బల్లకు ఆనించి కూర్చున్నాను.

నాగరత్నం వచ్చి స్టీలు లోటాలో టీ పెట్టింది. "తాగప్పా. బిడ్డకు నువ్వు కావాల." నేను లేవలేదు. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగులుతుందనిపించి అంతా ఆమెకు చెప్పినాను. పిచ్చివాడనుకొంటుందేమో అనుకొన్నాను. ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కొని కూర్చున్నది.

"దీపాలు పెట్టే యాళకు అడగతాది. ఊరు పేరు చెప్పదు. అంతేనా?"

"అంతే."

"ఎన్ని తూర్లు అడగతాది?"

నేను తల ఎత్తినాను.

"అదేమప్పా అట్ల చూస్తావు. మా కల్లావిలో దీపాల యాళకు బయటినుంచి ఎవరు పిలిచినా ఒక పిలుపుకు పలకం. రెండో పిలుపుకూ పలకం. మూడో పిలుపు విన్నంకనే ఓయ్ అంటాం. మనిషైతే మూడు తూర్లు పిలస్తాడు, పనుండాది గాబట్టి. అది ఒకతూరే పిలస్తాది. పలికితే పలికినోళ్ళు దానికి. మీ హోసూరులో లేదా ఇది?"

ఉండేది. మా ఇంట్లోనూ ఉండేది. నేను మరచిపోయినాను.

"చంటిబిడ్డకు కూడ నేర్పతారు గదా," ఆమె తెర వైపు గడ్డం చూపింది. "మీ మిషనుకు ఈ మాట చెప్పేదానికి ఒక అవ్వ లేకపోయె."

నేను లాగ్ తిరగేసినాను. నాలుగు దినాలు, నాలుగు వరుసలు. దినానికి ఒక్కసారి. సర్వరు అట్లు కాదు. జవాబు రాకపోతే పది లెక్కపెట్టి మరల అడుగుతుంది, ఇంకొక పది లెక్కపెట్టి మూడవసారి అడుగుతుంది. ఆ మాట నేను వ్రాసినదే.

ఏడు పంక్తులు వ్రాసినాను. మొదటి పిలుపుకు మౌనం. రెండవ పిలుపుకు మౌనం. మూడవ పిలుపు అదే చోటినుండి అదే ఫైలుకు వస్తేనే జవాబు. ఏ శాస్త్రమూ దీన్ని రక్షణ అనదు. మంజునాథ్‌కు ఫోనులో చదివి వినిపించినాను.

"ఇది బొక్క పూడ్చే ప్యాచా, ఊరి కట్టుబాటా? వాడు మూడుతూర్లు అడిగితే ఏం చేస్తావన్నా?"

"అది ఒకసారే అడుగుతుంది."

"అది అంటే?"

నేను ఫోను పెట్టేసినాను. ఆరున్నరకు ఆ ఏడు పంక్తులు క్లయింటులో చేరినవి.

ఆరూ నలభైరెండుకు వత్తి వాసన వచ్చింది. ట్యూబులైటు రెండుసార్లు మిణికింది. వరుస కదిలింది.

అడిగినవారు, ఖాళీ. ఫైలు, మోనిషా.

చివరి గడిలో ఏమీ పడలేదు. నేను నా మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకొన్నాను. పది లెక్క. ఇరవై. వంద. యంత్రం పలకలేదు. రెండవ వరుస రాలేదు. గది మాత్రం చల్లబడి ఉన్నది. ఎవరో నా వెనుక నిలబడి, నాతో పాటు తెరను చూస్తున్నట్లు.

ఆరూ యాభైకి సర్వరు అడిగింది. దాని సంఖ్య స్పష్టంగా ఉన్నది. మౌనం. పది లెక్కకు రెండవసారి. మౌనం. మూడవసారి. పంపబడినది.

నా వీపు మీది చల్లదనం అప్పుడు తొలగింది. నేను ఆనందంతో ఏడ్చినాను. అది ఎందుకు అంతవరకు ఉన్నది, ఏమి చూచి పోయింది అని ఆలోచించడానికి నాకు ఆ క్షణంలో బుద్ధి లేదు.

రెండు గంటలలోపల హోసూరు నుండి సంచి వచ్చింది. లేతపసుపు రంగు నీరు బొట్లుబొట్లుగా నా బిడ్డ చేతిలోకి దిగింది. మరునాడు మధ్యాహ్నానికి ముప్పై వేలు. మోనిషా లేచి కూర్చున్నది. ఇడ్లీ వద్దన్నది, దోసె కావాలన్నది. వద్దనడం విని అలివేలు కొంగుతో కళ్ళు తుడుచుకొన్నది.

మందు మింగనని మొరాయిస్తే నాగరత్నం ఒక ఆట కట్టింది.

"నేను పిలస్తా. ఒకటో పిలుపుకు పలికితే నువ్వు ఓడినట్ల. రెండుకు పలికినా అంతే. మూడుకు ఓయ్ అనాల. ఓడితే మాత్ర."

"గెలిస్తే?"

"గెలిస్తే రెండు మాత్రలు."

మోనిషా నవ్వింది. పలుచని పెదవులతో, ఆరు దినాల తరువాత. పిలుపు, మౌనం. పిలుపు, మౌనం. పిలుపు... "ఓయ్." ఆ పూటంతా వార్డులో అదే ఆట. నేను కూడ ఆడినాను. నా గొంతుతో మూడుసార్లు పిలిచినాను. మూడవసారికి నా బిడ్డ ఎంతో ముద్దుగా పలికింది.

ఆ సాయంకాలం ఆరూ నలభైరెండుకు లాగ్‌లో వరుస పడింది. మోనిషా. మౌనం.

పది లెక్కపెట్టినంత సేపటికి మరొక వరుస పడింది. అడిగినవారు, ఖాళీ. మోనిషా.

రెండు.

కుర్చీ చేతులు పట్టుకొని మూడవదానికై చూచినాను. పది... ఇరవై... రాలేదు. వాసన మెల్లగా పోయింది.

పరుగెత్తి డాక్టరును వెదకినాను. ఇంటికి పంపండి, ఇప్పుడే పంపండి అన్నాను. రెండు దినాలు ఆగమన్నాడాయన. మంజునాథ్‌కు ఫోను చేసినాను. నా గొంతు విని వాడు ఛలోక్తులు మానినాడు.

"మూడును నాలుగు చెయ్యన్నా."

"అది నేర్చుకొంటున్నది మంజూ. సర్వరు ఎట్లు అడిగితే తలుపు తెరిచిందో నిన్న చూచింది. నాలుగంటే నాలుగు నేర్చుకొంటుంది."

"రేపు ఐదింటికి నేనే వస్తా. ముద్ర తెస్తా. ముద్రను ఎవడూ నేర్చుకోలేడు."

వాడు మాట నిలుపుకొన్నాడు. బైకు మీద వానలో వచ్చి, తడిసిన చొక్కాతోనే కూర్చుండి, ఆరూ పదికల్లా క్రొత్త క్లయింటును ఎక్కించినాడు. ఇక ఎన్నిసార్లు అడిగినా లెక్క లేదు. సర్వరు తన ముద్రను చూపవలె. ఆ ముద్రకు తాళం హోసూరులో ఇనుప పెట్టెలో ఉన్నది. నిజమైన సర్వరుతో రెండుసార్లు పరీక్షించినాము. ముద్ర లేని అభ్యర్థన పంపి చూచినాము. 'నిరాకరించబడినది.' బొక్క పూడింది. ఆరేండ్లుగా ఉన్న తప్పు దిద్దబడింది.

ఆరూ నలభైరెండు. మంజునాథ్ ముక్కు ఎగబీల్చినాడు.

"ఏందన్నా ఈ వాసన?"

మోనిషా. నిరాకరించబడినది.

పది లెక్క. మోనిషా. నిరాకరించబడినది.

వాడు నా వైపు చూచినాడు. ఖాళీ గడి మీద వేలు పెట్టినాడు. మేమిద్దరం మూడవదానికై ఎదురుచూచినాము. రాలేదు. తెర నిశ్చలంగా ఉన్నది.

"పోయింది," అన్నాడు వాడు గుసగుసగా. "చూడన్నా, పోయింది."

వాసన పోలేదు.

అప్పుడు మెట్ల పైనుండి వినబడింది.

"మోనిషా..."

మెత్తని గొంతు. ఆప్యాయమైన గొంతు. చివరి అక్షరాన్ని కొంచెం సాగదీసే గొంతు. పండితుని కొడుకులు మాత్రమే దీర్ఘాన్ని అంత నిండుగా పలుకుతారు.

అది నా గొంతు.

మంజునాథ్ నా పెదవుల వైపు చూచినాడు. నా పెదవులు మూసి ఉన్నవి. వాడు కుర్చీతో సహా వెనుకకు జరిగినాడు.

నేను మెట్లెక్కినాను. ఎక్కినాననడం అబద్ధం. చేతులతో, మోకాళ్ళతో ప్రాకినాను. పైన వరండాలో దీపాలు లేవు. మారెమ్మ పటం ముందు దీపం కూడ లేదు. వార్డు వాకిట నాగరత్నం నిలబడి ఉన్నది. మందుల బండిని రెండు చేతులా పట్టుకొని, కొయ్యవలె.

"మోనిషా..."

రెండు.

అది వరండా ఆ కొసనుండి వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. లోపల మంచం మీద నా బిడ్డ కూర్చున్నది. ఆ మసకలో కూడ ఆమె ముఖం కనబడింది. పెదవులు బిగబట్టి, నవ్వును ఆపుకొంటూ, రెండు వేళ్ళు మడిచి పట్టుకొని ఉన్నది. ఆట అనుకొన్నది. మూడవదానికై ఎదురుచూస్తున్నది.

అది మూడవసారి పిలుస్తుంది. ఇప్పుడు పిలుస్తుంది. ఇరవై అడుగుల దూరం. అలివేలు బాత్రూము దగ్గర బకెట్టుతో ఉన్నది, ఆమెకు ఏమీ తెలియదు. బిడ్డ నోరు మూయాలి. చేరుకోలేను. నాకు మిగిలినది నా గొంతు ఒక్కటే.

"మోనిషా, పలకవద్దు..."

రెండవ మాట నా నోటినుండి పూర్తిగా వెడలకముందే ఆమె మూడవ వేలు మడిచింది.

"ఓయ్ నాయనా."

ఎంతో ముద్దుగా.

వరండాలో ఇక ఏ శబ్దమూ లేదు. అది మూడవసారి పిలువలేదు. పిలువవలసిన అవసరం దానికి లేకపోయింది. నాగరత్నం ఒక చేయి నోటికి అడ్డం పెట్టుకొని నన్ను చూస్తున్నది. ఆ చూపును నేను బ్రతికినంత కాలం మరువను.

క్రిందికి పోతే మంజునాథ్ తెర ముందు నిలబడి ఉన్నాడు. నిరాకరించిన రెండు వరుసల క్రింద మూడవది ఒకటి పడి ఉన్నది. మోనిషా. దాని చివరి గడిలో ఒక మాట.

'అందినది.'

"అన్నా," వాడు తెరను చూపినాడు. "మన కోడులో యాడా ఈ మాట లేదు."

ఆ రాత్రంతా బిడ్డ చేతిని పట్టుకొని కూర్చున్నాము, నేనొకటి, అలివేలొకటి. నాడి కొట్టుకొంటూనే ఉన్నది. తెల్లవారింది. మోనిషా కళ్ళు తెరిచింది. ఎనభై వేలు, అన్నాడు డాక్టరు నవ్వుతూ. మూడవనాడు ఇంటికి పంపినాడు. నాగరత్నం గేటు దాకా వచ్చి బిడ్డ నుదుట కుంకుమ పెట్టబోయి, ఎందుకో చేయి వెనుకకు తీసుకొన్నది. "బాగా చూసుకోండప్పా," అని మాత్రం అన్నది. నా ముఖం చూడలేదు.

ఇది జరిగి నెల అయింది. హోసూరులో మా ఇంట అంతా సజావుగా ఉన్నది. క్రొత్త క్లయింటు పందొమ్మిది చోట్లా నడుస్తున్నది. ఖాళీ గడి మరల ఎక్కడా కనబడలేదు. మోనిషా బడికి పోతున్నది. బాగా తింటున్నది, ఇడ్లీ కూడ వద్దనడం లేదు. ఏదీ వద్దనడం లేదు.

జ్వరానికి ముందు ఆమె బయట ఆడుకొని వస్తే వీధి మొదటినుండే అరుచుకొంటూ వచ్చేది. అమ్మా, అమ్మా, అమ్మా, తలుపు తీ, నాయనా, అమ్మా. ఇరుగుపొరుగువారు నవ్వేవారు. పది పిలుపులైనా పిలువనిదే ఆమె నోరు ఊరుకొనేది కాదు.

ఇప్పుడు గేటు దగ్గరకు వచ్చి ఒక్కసారి పిలుస్తుంది.

మేము పలికేదాకా అక్కడే నిలబడి ఉంటుంది. గంట అయినా సరే. మరల పిలువదు. మొన్న అలివేలు వంటింట్లో వినిపించుకోలేదు. నేను వచ్చి చూచేసరికి బిడ్డ వానలో తలుపు వైపే చూస్తూ నిలబడి ఉన్నది, రెప్ప వేయకుండా. జడ చివరలనుండి నీళ్ళు కారుతున్నవి. ఎంతసేపైందని అడిగితే చెప్పలేదు.

అలివేలు ఈ సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు. కాని వారం దినాలుగా ఆమె దేవుని ముందు దీపాన్ని పగలే వెలిగించి, బిడ్డను పొద్దుండగానే బడినుండి తానే పోయి తెచ్చుకొంటున్నది. ఈ దినం బడికి పోయే బస్సు ఆలస్యమై ఆమె పోలేకపోయింది. ఆటోలో ప్రక్కింటి పిల్లలతో వస్తుందని బడివారు ఫోను చేసినారు.

నేను గడియారం చూడదలచుకోలేదు. అయినా చూచినాను. ఆరూ నలభైరెండు.

బయట ఆటో ఆగిన శబ్దం ఏదీ రాలేదు. గేటు గొళ్ళెం కదిలింది.

"అమ్మా..."

ఒక్కసారే.

దేవుని ముందు దీపం ఆరిపోలేదు. అయినా వత్తి వాసన వస్తున్నది. అలివేలు గడియ మీద చేయి వేసి ఆగింది. నోరు తెరవలేదు. నా ముఖం వైపు చూస్తున్నది. బయట ఉన్నది నా బిడ్డ కావచ్చు. వాన పడుతున్నది. నేను లెక్కపెడుతున్నాను.

పది...

ఇరవై...